మెడలో గడ్డ.. నొప్పి లేదని వదిలేస్తున్నారా? క్యాన్సర్ ఎక్కడ పుట్టిందో దొరక్కపోయినా చికిత్స ఉంది!

ఒక్కసారి ఇలా ఊహించుకోండి. యాభై ఏళ్లు దాటిన ఓ లారీ డ్రైవర్. గడ్డం గీసుకుంటుంటే దవడ కింద చేతికి ఏదో గట్టిగా తగిలింది. నొక్కితే నొప్పి లేదు. జ్వరం లేదు. నోట్లో పుండు లేదు. అన్నం మామూలుగానే దిగుతోంది. "ఏదో బిళ్ల కట్టిందిలే, అదే పోతుంది" అనుకున్నాడు. నెల గడిచింది. బిళ్ల పోలేదు సరికదా నిమ్మకాయంత అయింది.

చివరికి ఆస్పత్రికి వెళ్తే సూది పెట్టి పరీక్ష చేశారు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. "ఇది ఇక్కడ పుట్టింది కాదు, వేరేచోటి నుంచి మెడలోకి వచ్చింది" అన్నారు డాక్టర్. మరి ఎక్కడి నుంచి? నోరు చూశారు, గొంతు చూశారు, స్కాన్ తీశారు. ఎక్కడా ఏమీ కనిపించలేదు.

ఇలాంటి మాట విన్న కుటుంబానికి కాళ్ల కింద భూమి కదిలినట్టే ఉంటుంది. ఎక్కడుందో తెలియని జబ్బుకు వైద్యం ఎలా చేస్తారు? ఇక ఆశ లేదా? నిజానికి ఆశ ఉంది. మూలం దొరకకపోయినా దీనికి పక్కా చికిత్స పద్ధతి ఉంది. మెడ దాటి పాకకముందే వస్తే పూర్తిగా నయమయ్యేవాళ్లూ చాలామందే. కాకపోతే మొదట్లో చేసే రెండు మూడు పొరపాట్లే కొంప ముంచుతున్నాయి. అవేంటి? సరైన దారి ఏంటి? వివరంగా చూద్దాం.

అసలేంటీ జబ్బు?

మన మెడలో రెండు వైపులా కలిపి వందల సంఖ్యలో లింఫ్ గ్రంథులు ఉంటాయి. పల్లెల్లో 'బిళ్లలు' అంటారే, వాపు వచ్చినప్పుడు చేతికి తగిలేవి ఇవే. నోరు, ముక్కు, గొంతు నుంచి వచ్చే ద్రవాన్ని వడపోసే జల్లెడలు ఇవి. పంటి చీముకో, గొంతు నొప్పికో వాచి, వారం పది రోజుల్లో తగ్గిపోవడం మామూలే.

అయితే నోట్లోనో, గొంతులోనో క్యాన్సర్ మొదలైతే దాని కణాలు ముందుగా చేరేదీ ఈ జల్లెడల్లోకే. అక్కడ చిక్కుకుని పెరుగుతాయి. కొందరిలో అసలు పుట్టినచోట పుండు కనిపించదు గానీ మెడలో గడ్డ మాత్రం పెద్దదవుతుంది. దీన్నే డాక్టర్లు 'అన్‌నోన్ ప్రైమరీ' అంటారు. అంటే మూలం తెలియని క్యాన్సర్. తల, మెడ క్యాన్సర్లలో ఇలాంటి కేసులు నూటికి ఐదు లోపే. వీటిలో ఎక్కువ భాగం స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం. నోరు, గొంతు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అది.

మూలం ఎందుకు కనిపించదు?

దీనికి కారణాలు కొన్ని ఉన్నాయి. టాన్సిల్స్‌లో, నాలుక వెనక మొదట్లో లోతైన ముడతలు ఉంటాయి. ఆ మడతల్లో కొన్ని మిల్లీమీటర్ల క్యాన్సర్ దాక్కుంటే కంటికి కనిపించదు, స్కాన్‌కూ అందదు. కొన్నిసార్లు పుట్టినచోట కణాలను శరీర రోగనిరోధక శక్తే చంపేసి ఉండొచ్చు. మెడలోకి చేరినవి మాత్రం బతికి పెరుగుతాయి.

గట్టిగా వెతికితే దొరికే కేసుల్లో ఎక్కువ భాగం టాన్సిల్స్‌లోనో, నాలుక మొదట్లోనో బయటపడుతున్నాయి. అందుకే వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.

గడ్డ ఎక్కడుందో అదే ఓ క్లూ!

మెడను డాక్టర్లు భాగాలుగా విభజించి చూస్తారు. గడ్డ ఉన్న చోటును బట్టి మూలం ఎక్కడుండొచ్చో ఓ అంచనాకు వస్తారు.

* గడ్డం కింద, దవడ ఎముక కింద ఉంటే.. నోరు, పెదవి, నాలుక ముందు భాగంపై అనుమానం.
* దవడ మూల కింద, మెడ పైభాగంలో ఉంటే.. టాన్సిల్స్, నాలుక మొదలు. ఎక్కువ కేసుల్లో గడ్డ కనిపించేది ఇక్కడే.
* మెడ మధ్యలో ఉంటే.. స్వరపేటిక, దాని వెనక ఉండే గొంతు భాగం.
* మెడ పక్కన వెనక వైపు ఉంటే.. ముక్కు వెనక భాగం, తల చర్మం.
* మెడ కింద, కాలర్ బోన్ పైన ఉంటే.. ఊపిరితిత్తులు, కడుపు, రొమ్ము లాంటి కింది అవయవాలు. ముఖ్యంగా ఎడమ వైపు గడ్డ ఉంటే కడుపులోని క్యాన్సర్‌నూ అనుమానించాలి.

ఈ చివరి రకం కథే వేరు. పరీక్షలు, చికిత్స, ఫలితం అన్నీ మారిపోతాయి. ఇక్కడ మనం చెప్పుకునేది ప్రధానంగా మెడ పై, మధ్య భాగాల్లో వచ్చే గడ్డల గురించి.

ముందు సూది.. తర్వాతే కత్తి

జనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతోంది. గడ్డ కనిపించగానే దగ్గర్లోని చిన్న ఆస్పత్రికి వెళ్లి "కోసి తీసేయండి సార్" అంటారు. గడ్డ తీసేస్తారు. ఆ తర్వాత ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలుతుంది. అప్పటికే మెడ లోపలి పొరలన్నీ కదిలిపోయి ఉంటాయి. తర్వాత చేయాల్సిన అసలు ఆపరేషన్ కష్టమవుతుంది, గాయం జరిగిన చోటంతా చికిత్స పరిధిలోకి తీసుకోవాల్సి వస్తుంది.

సరైన పద్ధతి ఇది. ముందుగా ఈఎన్‌టీ డాక్టర్ నోరు, గొంతు, ముక్కు లోపల సన్నని కెమెరా గొట్టంతో చూడాలి. నాలుకను, టాన్సిల్స్‌ను వేలితో నొక్కి చూడాలి. ఆ తర్వాత గడ్డకు సన్నని సూదితో ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేయాలి. అవసరమైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది పెడతారు. దాంతో తేలకపోతే కొంచెం లావు సూదితో కోర్ బయాప్సీ. అప్పటికీ తేలకపోతేనే గడ్డ తీసి పరీక్షించడం. అదీ క్యాన్సర్ అని తేలితే వెంటనే మెడ ఆపరేషన్ చేయగల సర్జన్ చేతుల్లో జరగాలి.

"సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట కదా?" చాలామంది అడిగే ప్రశ్న ఇది. సన్నని సూది పరీక్షతో జబ్బు పాకుతుందన్న భయం పెట్టుకోవద్దు. ఆ భయంతో పరీక్ష వాయిదా వేస్తేనే జబ్బు పెరుగుతుంది.

టీబీ మందులు వేసి చూద్దామంటే..?

మన దగ్గర మెడలో బిళ్లలకు టీబీ ఓ సాధారణ కారణం. అందుకే కొందరికి పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెట్టేస్తుంటారు. "రెండు నెలలు వాడి చూద్దాం" అంటారు. అది క్యాన్సర్ అయితే ఆ రెండు నెలలూ పోయినట్టే. చికిత్స తేలిగ్గా అయ్యే దశ దాటిపోతుంది.

టీబీ అనుమానం ఉంటే అదే సూదితో తీసిన నమూనాను సీబీనాట్ పరీక్షకు పంపొచ్చు. టీబీయా, క్యాన్సరా అన్నది పరీక్ష చెప్పాలి, అంచనాతో కాదు. ఒకవేళ మందులు మొదలుపెట్టాక కూడా గడ్డ పెరుగుతుంటే మళ్లీ పరీక్ష చేయమని అడగండి.

ఇంకో విషయం. నలభై దాటినవాళ్లలో మెడలో నీటి తిత్తిలా మెత్తగా ఉన్న గడ్డ వస్తే అది పుట్టుకతో వచ్చిన తిత్తే అని తేల్చేయకూడదు. టాన్సిల్ క్యాన్సర్, థైరాయిడ్ క్యాన్సర్ కొన్నిసార్లు అలాగే కనిపిస్తాయి.

మూలం కోసం వేట.. వరుస తప్పితే ఇబ్బంది

సూది పరీక్షలో క్యాన్సర్ అని తేలాక వెతుకులాట మొదలవుతుంది. ఇందులో వరుస చాలా ముఖ్యం.

మొదట ముక్క మీదే మరిన్ని పరీక్షలు చేస్తారు. పి16 అనే పరీక్ష పాజిటివ్ వస్తే హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన టాన్సిల్ లేదా నాలుక మొదలు క్యాన్సర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఈబీవీ అనే వైరస్ ఆనవాళ్లు దొరికితే ముక్కు వెనక భాగాన్ని అనుమానిస్తారు. ముక్కలో థైరాయిడ్ ఆనవాళ్లు ఉంటే దారి థైరాయిడ్ వైపు తిరుగుతుంది. లింఫోమా అని తేలితే చికిత్సే పూర్తిగా వేరు.

తర్వాత సీటీ లేదా ఎంఆర్‌ఐ. వాటిలోనూ దొరక్కపోతే పెట్-సీటీ స్కాన్. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాగేసుకుంటాయి. కొద్దిపాటి రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్ ఇచ్చి స్కాన్ తీస్తే అవి వెలుగుతాయి. అప్పటిదాకా మూలం దొరకని వాళ్లలో సుమారు నాలుగో వంతు మందిలో పెట్-సీటీ దాన్ని పట్టిస్తుంది. ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకిందా అన్నదీ ఇందులోనే తెలుస్తుంది. ఈ స్కాన్‌కు కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

పెట్-సీటీ తీశాకే మత్తు ఇచ్చి గొంతులో ముక్కలు తీయాలి. ముందే ముక్కలు తీస్తే ఆ గాయాలు కూడా స్కాన్‌లో వెలుగుతాయి. ఏది గాయమో, ఏది జబ్బో అర్థం కాదు. డబ్బు ఖర్చు, అయోమయం మిగులుతాయి.

స్కాన్ తర్వాత జనరల్ అనస్థీషియా ఇచ్చి ముక్కు వెనక భాగం నుంచి స్వరపేటిక దాకా క్షుణ్ణంగా చూస్తారు. అనుమానం ఉన్నచోట ముక్క తీస్తారు. అప్పటికీ ఏమీ కనిపించకపోతే గడ్డ ఉన్న వైపు టాన్సిల్‌ను పూర్తిగా తీసి పరీక్షకు పంపుతారు. పైపైన చిన్న ముక్క తీస్తే ముడతల్లోని క్యాన్సర్ తప్పించుకుపోవచ్చు. రోబోటిక్ లేదా లేజర్ సౌకర్యం ఉన్న పెద్ద ఆస్పత్రుల్లో నాలుక మొదట్లోని పై పొరనూ తీసి పరీక్షిస్తున్నారు.

మూలం దొరికితే లాభమేంటి? రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో కచ్చితంగా తెలుస్తుంది. అనవసరంగా గొంతంతా కాల్చే పని తప్పుతుంది. అందుకే ఈ వేట. అలాగని నెలల తరబడి వెతుకుతూ కూర్చోకూడదు. చేయాల్సిన పరీక్షలు అయిపోయాక దొరకకపోతే చికిత్స మొదలుపెట్టాల్సిందే.

చికిత్స ఎలా ఉంటుంది?

గడ్డ ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఒక వైపా రెండు వైపులా, గ్రంథి గోడ చీల్చుకుని బయటికి వచ్చిందా.. వీటి మీద చికిత్స ఆధారపడుతుంది. సర్జన్, రేడియేషన్ డాక్టర్, మెడికల్ ఆంకాలజిస్ట్ కలిసి కూర్చుని నిర్ణయించాలి. ఆస్పత్రుల్లో దీన్నే 'ట్యూమర్ బోర్డు' అంటారు. మీ కేసు బోర్డులో పెట్టారా అని అడిగే హక్కు మీకుంది.

ఒకే చిన్న గడ్డ అయితే: 3 సెంటీమీటర్లు దాటని ఒక్క గడ్డ, గోడ చీల్చుకుని బయటికి రాకపోతే ఒకే రకం చికిత్సతో సరిపోవచ్చు. ఆపరేషన్ గానీ, రేడియేషన్ గానీ. ఆపరేషన్‌లో గడ్డ ఒక్కటే కాదు, ఆ వైపు మెడలోని గ్రంథుల గుంపును కొవ్వుతో సహా తీసేస్తారు. దీన్ని నెక్ డిసెక్షన్ అంటారు. ముక్క రిపోర్టు బాగుంటే ఆ తర్వాత దగ్గరి పరిశీలన చాలు.

గడ్డలు ఎక్కువైనా, పెద్దవైనా: ఒకే చికిత్సతో కుదరదు. ఆపరేషన్ చేసి తర్వాత రేడియేషన్ ఇవ్వడం ఒక దారి. నేరుగా రేడియేషన్, కీమో కలిపి ఇవ్వడం రెండో దారి. ఆపరేషన్ తర్వాత ముక్క రిపోర్టులో క్యాన్సర్ గ్రంథి గోడ దాటి బయటికి వచ్చిందని ఉంటే రేడియేషన్‌తో పాటు కీమో కూడా కలుపుతారు.

రేడియేషన్ ఎన్ని రోజులు? వారానికి 5 రోజుల చొప్పున 6 నుంచి 7 వారాలు. ఆపరేషన్ తర్వాత అయితే 60 నుంచి 66 గ్రే, నేరుగా ఇస్తే 66 నుంచి 70 గ్రే మోతాదు మామూలుగా ఇస్తారు. రోజూ ఉండేది కొద్ది నిమిషాలే. నొప్పి తెలియదు. ఇప్పుడు వాడే ఐఎంఆర్‌టీ పద్ధతిలో లాలాజల గ్రంథులకు దెబ్బ తగ్గేలా కిరణాలను మలుస్తారు.

మూలం దొరకనప్పుడు ఎక్కడ ఇస్తారు? మెడతో పాటు, అది దాక్కుని ఉండే అవకాశమున్న గొంతు భాగాలకూ ఇస్తారు. ఒక వైపా, రెండు వైపులా, ఎంత మేర అన్నది రోగిని బట్టి మారుతుంది. పి16, ఈబీవీ ఫలితాలు ఇక్కడే పనికొస్తాయి.

ఏ కీమో? సిస్‌ప్లాటిన్ ప్రధానమైన మందు. మూడు వారాలకోసారి లేదా వారం వారం చిన్న మోతాదులో ఇస్తారు. కిడ్నీలు బాగాలేకపోయినా, వినికిడి తగ్గినా ఇది సరిపడదు. మరి అలాంటి వాళ్లకు? తల, మెడ క్యాన్సర్లపై ముంబైలోని టాటా మెమోరియల్ డాక్టర్లు చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. సిస్‌ప్లాటిన్ పడని వాళ్లకు రేడియేషన్‌తో పాటు డోసెటాక్సెల్ ఇస్తే రెండేళ్ల తర్వాత 50.8 శాతం మంది బతికి ఉన్నారు. రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన వాళ్లలో అది 41.7 శాతం. మన దేశ రోగుల మీద, మన దేశంలోనే తేలిన లెక్క ఇది.

రేడియేషన్‌కు ముందు పళ్లు చూపించుకున్నారా?

ఇది చాలామంది పట్టించుకోని విషయం. రేడియేషన్ తర్వాత దవడ ఎముకకు రక్త ప్రసరణ తగ్గుతుంది. అప్పుడు పుచ్చు పన్ను పీకితే గాయం మానక ఎముకే కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అందుకే తీయాల్సిన పళ్లు రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే తీయించుకోవాలి. తర్వాత ఎప్పుడు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా "నాకు మెడకు రేడియేషన్ అయింది" అని చెప్పడం మర్చిపోవద్దు.

గుట్కా, ఖైనీ, చుట్ట, బీడీ, మందు ఆ రోజు నుంచే మానేయాలి. "ఎలాగూ వచ్చేసింది కదా, ఇక మానితే ఏం లాభం?" అంటారు కొందరు. లాభం ఉంది. పొగ తాగుతూ ఉంటే రేడియేషన్ పనితనం తగ్గుతుంది, పుళ్లు మానవు, మరో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది.

కష్టమైన ఆ ఏడు వారాలు

రెండో మూడో వారం నుంచి నోట్లో పుళ్లు, మింగితే మంట, రుచి తెలియకపోవడం, చర్మం నల్లబడటం మొదలవుతాయి. కారం, పులుపు, వేడి వేడివి అస్సలు పడవు. మజ్జిగన్నం, రాగి జావ, పప్పు కలిపి మెత్తగా చేసిన అన్నం, గుడ్డు, పాలు లాంటివి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. బరువు తగ్గకుండా చూడటమే ఇంట్లోవాళ్ల ప్రధాన పని. మింగలేకపోతే కొన్నాళ్లు ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు. అది చూసి "ఇక అయిపోయింది" అని బెంబేలెత్తొద్దు. చికిత్స పూర్తి కావడానికి అది ఓ సాయం మాత్రమే.

ఈ కష్టం చూసి మధ్యలో మానేసేవాళ్లున్నారు. అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఇదే. మధ్యలో రోజులు ఎగ్గొడితే మిగిలిన కణాలు మళ్లీ పుంజుకుంటాయి. పండగ వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా రేడియేషన్ మాత్రం ఆపకూడదు.

మింగే వ్యాయామాలు, దవడ తెరిచే వ్యాయామాలు చికిత్స జరుగుతున్నప్పుడే మొదలుపెట్టాలి. మెడ ఆపరేషన్ అయినవాళ్లకు భుజం ఎత్తడం కష్టంగా ఉండొచ్చు. ఫిజియోథెరపీతో చాలావరకు మెరుగవుతుంది. నోరు ఎండిపోవడం మాత్రం కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. నీళ్ల సీసా వెంట ఉండాల్సిందే.

చికిత్స అయిపోయాక?

రేడియేషన్ పూర్తయిన సుమారు 12 వారాలకు పెట్-సీటీ తీస్తారు. అంతకంటే ముందే తీస్తే వాపును జబ్బుగా పొరబడే అవకాశం ఉంది. ఒకప్పుడు పెద్ద గడ్డలున్న వాళ్లకు కీమో రేడియేషన్ తర్వాత మెడ ఆపరేషన్ తప్పనిసరిగా చేసేవారు. బ్రిటన్‌లో 564 మందిపై జరిగిన అధ్యయనం 2016లో దీన్ని మార్చేసింది. పెట్-సీటీలో ఏమీ లేకపోతే ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉన్నా బతికే అవకాశం తగ్గలేదని తేలింది. జబ్బు మిగిలి ఉన్నట్టు కనిపిస్తేనే ఇప్పుడు ఆపరేషన్.

మొదటి ఏడాది ప్రతి ఒకటి నుంచి మూడు నెలలకోసారి, తర్వాత క్రమంగా గడువు పెంచుతూ ఐదేళ్ల దాకా చూపించుకోవాలి. దాక్కున్న మూలం తర్వాత ఎప్పుడైనా బయటపడొచ్చు కాబట్టి ప్రతిసారీ నోరు, గొంతు చూస్తారు. మెడకు రేడియేషన్ అయినవాళ్లకు థైరాయిడ్ మందగించే అవకాశం ఎక్కువ. ఆరు నెలలు, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి.

బతికే అవకాశాలు ఎంత అంటే.. ఒక్క చిన్న గడ్డతో వచ్చినవాళ్లకు, హెచ్‌పీవీ వల్ల వచ్చిన రకానికి ఫలితాలు బాగుంటాయి. గడ్డలు ఎక్కువై, గోడ దాటి, మెడ కింది దాకా దిగినవాళ్లకు కష్టం పెరుగుతుంది. ఆలస్యం ఎందుకు వద్దంటున్నారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మెడ దాటి పాకేస్తే..?

ఊపిరితిత్తులు, ఎముకలకు పాకితే పూర్తిగా నయం చేయడం సాధారణంగా కుదరదు. అయినా ఆయుష్షు పెంచే, బాధ తగ్గించే మందులున్నాయి. ఇమ్యునోథెరపీ ఖరీదు సామాన్యుడికి అందనిది. అయితే మామూలు మోతాదులో పదో వంతు కూడా లేని 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను, నోటి ద్వారా తీసుకునే చవకైన మందులకు కలిపి టాటా మెమోరియల్‌లో పరీక్షించారు. ఏడాది తర్వాత 43.4 శాతం మంది బతికి ఉన్నారు. ఆ ఇమ్యునోథెరపీ లేనివాళ్లలో అది 16.3 శాతమే. మీ డాక్టర్‌ను ఈ సంగతి అడగొచ్చు. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు, పాలియేటివ్ కేర్ తీసుకోవడం ఓటమి కాదు.

మన దగ్గర ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్, బసవతారకం ఆస్పత్రి ఉన్నాయి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమోకు ప్యాకేజీలు ఉన్నాయి. పెట్-సీటీ లాంటి పరీక్షలు వర్తిస్తాయా లేదా అన్నది ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులే కాదు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు కూడా తీసుకెళ్లండి. మళ్లీ ముక్క తీసే అవసరం తప్పొచ్చు.

ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే ఆ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని ఎప్పుడో తేలింది. ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఓసారి నోరు, మెడ చూపించండి.

ఈ నాలుగూ గుర్తుంచుకోండి

* రెండు మూడు వారాలకు తగ్గని గడ్డ మెడలో ఉంటే, నొప్పి లేకపోయినా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. నొప్పి లేకపోవడం మంచి సంకేతం కాదు.
* ముందు సూది పరీక్ష. తేలకుండా కోయించుకోవద్దు, టీబీ మందులు మొదలుపెట్టొద్దు.
* ముందు పెట్-సీటీ, తర్వాతే గొంతులో ముక్క.
* మూలం దొరకలేదని చికిత్స ఆపొద్దు. మొదలుపెట్టాక మధ్యలో మానొద్దు.

పసర్లు, పట్లు, కాల్పులు అంటూ తిరిగిన రెండు నెలలే ఒక్కోసారి ప్రాణానికీ చావుకీ మధ్య తేడా అవుతాయి. ఈ రాత్రి అద్దం ముందు నిలబడి దవడ కింద, మెడకు రెండు వైపులా ఒక్క నిమిషం వేళ్లతో తడిమి చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకూ చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ పరీక్ష చేయించుకోవాలి, ఏ చికిత్స తీసుకోవాలి అన్నది మీ డాక్టర్ సలహా మేరకే నిర్ణయించుకోండి.